వేర్వేరు సంఘాలు, ఒకే ప్రభువు: క్రైస్తవ ఐక్యత గురించి విశాఖ విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జనవరి 18 నుంచి 25 వరకు ప్రపంచంలో చాలా చోట్ల క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థనా వారం జరుగుతుంది. విశాఖలో మేం కొందరం ఆ వారంలో వేర్వేరు చర్చిల్లో కలుసుకుని ప్రార్థన చేసుకుంటాం. ప్రార్థన అయ్యాక టీ తాగుతూ జనం అడిగే ప్రశ్నలే ఇవి. నేను పాస్టర్‌ని కాదు, సెమినరీలో చదువుకోలేదు. మా అమ్మవాళ్ళది గుంటూరు దగ్గర లూథరన్ కుటుంబం. నాన్నగారిది విజయనగరం వైపు బాప్టిస్టు కుటుంబం. నన్ను ఇచ్చింది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఇంటికి. మూడు చర్చిల్లోనూ కూర్చున్నాను కాబట్టి ఈ ప్రశ్నలు నాకు పుస్తకంలో కాదు, ఇంట్లోనే ఎదురయ్యాయి.

ఐక్యత అంటే అన్ని సంఘాలూ కలిసిపోయి ఒకే సంఘం కావడమేనా?

కాదు. అదొక్కటే దారి కాదు.

కొన్ని సంఘాలు నిజంగానే విలీనమయ్యాయి. సీఎస్ఐ అలా పుట్టిందే. మరికొన్ని ఎవరి పేరు వారు, ఎవరి బిషప్పులను వారు ఉంచుకుంటూనే ఒకరి ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) ఒకరు పాలుపొందుతారు. సీఎస్ఐ, సీఎన్ఐ (చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా), కేరళ మార్తోమా సంఘం ఇలాంటి బంధంలోనే ఉన్నాయి. 1978లో ఈ మూడూ కలిసి ఒక ఉమ్మడి మండలిని ఏర్పాటు చేసుకున్నాయి. ఇంకొన్ని సంఘాలు సిద్ధాంతంలో దూరంగా ఉన్నా ఆస్పత్రి, హాస్టల్, వరద సాయం, బైబిల్ అనువాదం లాంటి పనుల్లో చేయి కలుపుతాయి. ఇవేవీ లేకపోయినా కలిసి మోకరించి ప్రార్థించేవాళ్ళు ఉన్నారు.

నా దృష్టిలో వీటన్నిటికీ పునాది ఒకటే. ఎదుటి సంఘంలోని మనిషిని చూసి “ఈయన కూడా నా ప్రభువు పిలిచినవాడే” అని మనసారా ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలు లేకుండా ఎన్ని సంతకాలు పెట్టినా అది కాగితం మీద ఐక్యతే. అది ఉంటే, తేడాల గురించి కూడా భయం లేకుండా మాట్లాడుకోవచ్చు.

ఎక్యుమెనికల్ అనే మాట తరచూ వింటుంటాం. దాని అర్థం ఏమిటి?

గ్రీకులో ‘ఒయికుమెనే’ అంటే మనుషులు నివసించే లోకమంతా అని. ‘ఒయికోస్’ అంటే ఇల్లు. ఒకే ఇంట్లో ఉండే వాళ్ళమన్న భావం ఆ మాటలోనే ఉంది. తెలుగులో కొందరు ‘క్రైస్తవైక్య ఉద్యమం’ అంటారు. మన చర్చిల్లో ‘ఐక్య ఆరాధన’, ‘ఐక్య కూడిక’ అంటే అందరికీ అర్థమవుతుంది.

అసలు మన తెలుగు నేల మీద ఇన్ని శాఖలు ఎందుకున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం కోపాలు చల్లారిపోతాయని నా నమ్మకం. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పెద్ద చీలికలు మన దగ్గర పుట్టినవి కావు. 451లో కల్కెదోను సభ తర్వాత కొన్ని తూర్పు సంఘాలు వేరయ్యాయి. 1054లో రోముకూ కాన్‌స్టాంటినోపుల్‌కూ మధ్య తెగిపోయింది. 1517లో మార్టిన్ లూథర్‌తో జర్మనీలో సంస్కరణ మొదలైంది. ఆ తర్వాత ఇంగ్లండులో, స్విట్జర్లాండులో, అమెరికాలో ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఆ గొడవల్లో మన ముత్తాతలెవరూ లేరు.

మన దగ్గరికి వచ్చేసరికి మరోటి జరిగింది. ఒకరి ప్రాంతంలో ఇంకొకరు పనిచేయకూడదని మిషన్లు ప్రాంతాలను పంచుకున్నాయి. పొలాలకు గట్లు వేసుకున్నట్టు వేసుకున్నారు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గారు గుంటూరు వచ్చారు, అక్కడివాళ్ళు లూథరన్లయ్యారు. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. మచిలీపట్నంలో 1841లో ఆంగ్లికన్ మిషనరీలు దిగారు. నర్సాపురం వైపు బ్రదరన్ వాళ్ళు, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు, కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ వాళ్ళు. శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా కెనడియన్ బాప్టిస్టులు.

అంటే మా అమ్మ లూథరన్ అయింది లూథర్ రాసినవి చదివి కాదు. గుంటూరు జిల్లాలో పుట్టింది కాబట్టి. మా నాన్న బాప్టిస్టు అయింది విజయనగరం వైపు పుట్టాడు కాబట్టి. ఇద్దరి ఊళ్ళూ అటూ ఇటూ మారి ఉంటే ఇద్దరి సంఘాలూ మారేవి. ఈ మాట నేను ఎవరినీ తక్కువ చేయడానికి అనడం లేదు. ఆ సంఘాలు మా పెద్దలకు చదువిచ్చాయి, పాటలిచ్చాయి, మనిషిగా నిలబడే ధైర్యాన్నిచ్చాయి. కానీ ఎవరో మనుషులు గీసిన హద్దుని దేవుడు గీసిన గీత అనుకోవడం మాత్రం పొరపాటు.

ఈ చరిత్రలో విశాఖకు ప్రత్యేకత ఏమైనా ఉందా?

చాలా ఉంది. మనవాళ్ళకే సరిగా తెలియదు.

1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ దె గ్రాంజ్ అనే ఇద్దరు మిషనరీలు విశాఖపట్నం వచ్చారు. వాళ్ళను పంపింది లండన్ మిషనరీ సొసైటీ. 1795లో ఆ సంస్థను స్థాపించినవాళ్ళలో కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్, ఆంగ్లికన్, మెథడిస్టు వాళ్ళు అందరూ ఉన్నారు. ఫలానా సంఘ పద్ధతిని అన్యదేశాలకు మోసుకెళ్ళం, సువార్తను మాత్రమే తీసుకెళ్తాం, సంఘం ఎలా నడవాలో అక్కడి విశ్వాసులే తేల్చుకుంటారు అన్నది వాళ్ళ మూల నియమం. అంటే విశాఖకు వచ్చిన తొలి ప్రొటెస్టెంట్ మిషన్ ఐక్య మిషనే. ఇక్కడే వాళ్ళు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో బైబిలును తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఇద్దరూ కొద్ది ఏళ్ళలోనే కన్నుమూశారు. దె గ్రాంజ్ తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ శ్రీరాంపూర్ ప్రెస్సు బాప్టిస్టులది! ఒక సంఘం వాళ్ళు అనువదిస్తే ఇంకో సంఘం వాళ్ళు అచ్చు వేశారు. తెలుగువాడి చేతికి సువార్త అలా అందింది.

తర్వాత ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్ మిషన్ తన విశాఖ పనిని కెనడియన్ బాప్టిస్టులకు అప్పగించింది. ఈ రోజు ఆటో ఎక్కి “సీబీఎం కాంపౌండ్” అంటే తీసుకెళ్ళి దింపుతారు. ఆ సీబీఎం అంటే కెనడియన్ బాప్టిస్ట్ మిషనే.

ఇటు క్యాథలిక్‌ల వైపు చూస్తే, ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు 1846లో విశాఖ చేరారు. 1886లో విశాఖ మేత్రాసనం (ఒక బిషప్ పాలనలోని ప్రాంతం) అయింది, 2001లో అగ్ర మేత్రాసనం అయింది. పాత పట్నంలోని బళ్ళు, జ్ఞానాపురం, రాస్ హిల్ చర్చి ఆ చరిత్రకు గుర్తులు.

ఇక 1933లో ఓడరేవు, 1941లో షిప్‌యార్డు, తర్వాత నేవీ, స్టీల్ ప్లాంటు వచ్చాయి. వాటితోపాటు గుంటూరు లూథరన్, ఒంగోలు బాప్టిస్టు, కృష్ణా జిల్లా సీఎస్ఐ, కేరళ మార్తోమా, సిరియన్ ఆర్థడాక్స్, ఒడిశా సరిహద్దు లూథరన్ అందరూ ఒకే క్వార్టర్సులో పక్కపక్క ఇళ్ళలోకి వచ్చారు. మిషన్లు గీసుకున్న గట్లన్నీ విశాఖలో కలిసిపోయాయి. పక్కింటి వాళ్ళతో కూరా నారా ఇచ్చిపుచ్చుకుంటాం, ఆదివారం వచ్చేసరికి తలో దిక్కు వెళ్తాం. ఐక్యత గురించిన ప్రశ్న మనకు ఈ ఊళ్ళో ఇంత గట్టిగా ఎదురవడానికి కారణం అదే.

సీఎస్ఐ ఎలా ఏర్పడింది? అందులో తెలుగువాళ్ళ పాత్ర ఏమిటి?

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ వి.ఎస్. అజరయ్య అనే యువకుడు లేచి తెల్ల మిషనరీల ముందే సూటిగా మాట్లాడారు. మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలు ధారపోశారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అన్నది ఆయన మాటల సారం. ఆయన పుట్టింది తమిళనాడులోనైనా పనిచేసింది మన తెలుగువాళ్ళ మధ్య. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే.

1919లో తమిళనాడులోని తరంగంబాడిలో అజరయ్య గారు, మరికొందరు భారతీయ పాస్టర్లు కూర్చుని ఒక ప్రకటన రాశారు. మనల్ని విడదీసింది మన దేశపు తగాదాలు కావు, వాటిని మనం ఎందుకు మోయాలి అన్నదే దాని గుండెకాయ. అక్కడి నుంచి చర్చలు 28 ఏళ్ళు సాగాయి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒకటయ్యాయి. బిషప్పులున్న సంఘం, బిషప్పులు లేని సంఘాలు అలా కలవడం ప్రపంచంలో అదే మొదటిసారి. అజరయ్య గారు ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు.

చిక్కుముడి ఎక్కడ పడిందంటే పాస్టర్ల అభిషేకం దగ్గర. బిషప్ చేతులుంచని పాస్టర్లను పాస్టర్లుగా ఒప్పుకోవాలా వద్దా? చివరికి, అప్పటికే ఉన్నవాళ్ళందరినీ మళ్ళీ అభిషేకించకుండా అలాగే స్వీకరిద్దాం, ఇకపైన మాత్రం బిషప్పులే అభిషేకిస్తారు, ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ చూద్దాం అనుకున్నారు. ఎవరి గతాన్నీ అవమానించకుండా దొరికిన దారి అది. నాకు ఇందులో చాలా జ్ఞానం కనిపిస్తుంది.

అందరూ సంతోషంగా చేరలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది 1947లో బయటే ఉండిపోయారు, దశాబ్దాల తర్వాతే కలిశారు. ఆ నంద్యాల కథను మన ఐక్య కూడికల్లో చెప్పాలి. తొందరపెడితే ఐక్యత రాదు. ఆగినవాళ్ళను విశ్వాసం లేనివాళ్ళని అనకూడదు.

ఉత్తర భారతంలో 1970 నవంబర్ 29న నాగపూర్‌లో సీఎన్ఐ ఏర్పడింది. అందులో బాప్టిస్టులు, బ్రదరన్‌వాళ్ళు కూడా ఉన్నారు. మన దగ్గర ఆంధ్ర లూథరన్లూ తెలుగు బాప్టిస్టులూ వేరుగానే ఉన్నారు.

ఆర్సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్ళతో మనం కలిసి ప్రార్థించవచ్చా? వాళ్ళ సంఘం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది, ప్రోత్సహిస్తుంది కూడా. ఒకప్పుడు ఇలా లేదు. రెండవ వాటికన్ మహాసభ 1964 నవంబర్ 21న క్రైస్తవ ఐక్యత మీద ఒక శాసనం ఇచ్చింది. బాప్తిస్మం పొందిన ఇతర సంఘాల వాళ్ళను సహోదరులుగా అది పిలిచింది. మరుసటి ఏడాది డిసెంబర్ 7న పోపు ఆరవ పౌలు, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ అథెనగోరస్ 1054లో రెండు వైపులవాళ్ళూ ఒకరి మీద ఒకరు వేసుకున్న బహిష్కరణ శాపాలను తీసేశారు. 900 ఏళ్ళ పగ!

గుంటూరు లూథరన్ కూతురిగా నన్ను ఎక్కువ కదిలించింది 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో జరిగింది. మనిషి నీతిమంతుడిగా తీర్చబడేది దేవుని కృప వల్ల, విశ్వాసం ద్వారా అన్న విషయం మీద లూథరన్ ప్రపంచ సమాఖ్య, క్యాథలిక్ సంఘం ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాయి. 1517లో మొదలైన గొడవకు గుండెకాయ అయిన విషయం మీదే. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు కూడా ఆ ప్రకటనలో చేరాయి. ఇంత జరిగినా మన వీధిలో “వాళ్ళు విగ్రహాలు పెట్టుకుంటారు”, “వీళ్ళకు మరియమ్మంటే లెక్కలేదు” అన్న మాటలే ఇంకా నడుస్తున్నాయి.

మాటల తేడాలకు కంగారుపడకండి. వాళ్ళు జ్ఞానస్నానం అంటారు, మనం బాప్తిస్మం అంటాం. వాళ్ళు పవిత్రాత్మ అంటారు, మనం పరిశుద్ధాత్మ అంటాం. వాళ్ళ బైబిల్లో 73 గ్రంథాలు, మన దాంట్లో 66. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా పదాలు కాస్త మారతాయి, కాబట్టి కలిసి చెప్పేటప్పుడు మొదట్లో తడబాటు ఉంటుంది. రెండు మూడు సార్లకు అలవాటవుతుంది.

కలిసి ప్రార్థించగలిగినప్పుడు ప్రభువు బల్లలో ఎందుకు కలిసి పాలుపొందలేం?

అన్నిటికన్నా బాధపెట్టే ప్రశ్న ఇది. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు.

క్యాథలిక్ సంఘం దృష్టిలో బల్లలో పాలుపొందడం పూర్తి ఐక్యతకు గుర్తు. ఐక్యత పూర్తి కాకుండా గుర్తు మాత్రం తీసుకోవడం సరికాదని వాళ్ళ నమ్మకం. ఏవో అత్యవసర పరిస్థితుల్లో తప్ప ఇతర సంఘాల వాళ్ళకు దివ్య సత్ప్రసాదం (బల్లలోని రొట్టె) ఇవ్వరు. ఆర్థడాక్స్‌వాళ్ళూ ఇవ్వరు. కొన్ని బాప్టిస్టు సంఘాల్లో ముంచడం ద్వారా బాప్తిస్మం పొందినవాళ్ళకే బల్ల. బ్రదరన్ సహవాసాల్లో రొట్టె విరవడానికి సొంత సంఘం నుంచి పరిచయ పత్రం తెచ్చుకోమంటారు. సీఎస్ఐలో సాధారణంగా ఇతర సంఘాల సభ్యులను ఆహ్వానిస్తారు.

కొన్నేళ్ళ కిందట జ్ఞానాపురంలో ఒక క్యాథలిక్ బంధువుల పెళ్ళికి వెళ్ళాం. పూజలో అందరూ వరుసగా ముందుకు వెళ్తుంటే మా అత్తగారు లేచి, ఎవరో మెల్లగా చెప్పగానే మళ్ళీ కూర్చున్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చాక ఆవిడ అన్న మాట నేను మరిచిపోలేను: “వాళ్ళ తప్పు కాదే. ఆ ఖాళీ ఉన్నట్టు తెలియాలి కదా, లేకపోతే దాని కోసం ఎవరు ప్రార్థిస్తారు?”

అందుకే ఐక్య కూడికల్లో మేం బల్ల పెట్టం. రొట్టెను దొంగతనంగా పంచుకోవడం కన్నా ఆకలిగా కలిసి కూర్చోవడం నిజాయితీ అనిపిస్తుంది. 1982లో పెరూ దేశంలోని లీమా పట్టణంలో బాప్తిస్మం, బల్ల, సేవకత్వం అనే మూడు విషయాల మీద ప్రొటెస్టెంట్, ఆర్థడాక్స్, క్యాథలిక్ పండితులు కలిసి ఒక పత్రం తయారుచేశారు. దాని ఆధారంగా చర్చలు ఇంకా సాగుతున్నాయి.

నేను చిన్నప్పుడే బాప్తిస్మం పొందాను. బాప్టిస్టు సంఘంలో చేరితే మళ్ళీ తీసుకోవాలా?

చేరదలచుకున్న సంఘం పాస్టర్‌గారిని అడగాలి. నీళ్ళతో, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని క్యాథలిక్, లూథరన్, సీఎస్ఐ సంఘాలు పరస్పరం గుర్తిస్తాయి. రెండోసారి ఇవ్వవు. సొంతంగా విశ్వాసం ఒప్పుకున్న తర్వాతే బాప్తిస్మం, అదీ ముంచడం ద్వారానే అన్నది బాప్టిస్టుల, పెంతెకొస్తువారి నమ్మకం. వాళ్ళ దృష్టిలో అది ‘మళ్ళీ’ కాదు, మొదటిదే.

మా ఇంట్లోనే ఈ తేడా ఉంది. అమ్మకు పసిబిడ్డగా చిలకరించారు, నాన్నను పెద్దయ్యాక చెరువులో ముంచారు. నలభై ఏళ్ళు ఒకే చాప మీద కుటుంబ ప్రార్థన చేసుకున్నారు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. ఎవరి బాప్తిస్మాన్నీ ‘ఉత్త నీళ్ళు’ అని ఎగతాళి చేయకండి. ఆ బిడ్డ కోసం ఆ రోజు ఒక తల్లి ప్రార్థించింది.

అబ్బాయి ఒక సంఘం, అమ్మాయి ఇంకో సంఘం. పెళ్ళికి ఇబ్బంది ఉంటుందా?

ప్రొటెస్టెంట్ సంఘాల మధ్య పెద్ద ఇబ్బంది ఉండదు. సభ్యత్వ పత్రం, బాప్తిస్మ పత్రం అడుగుతారు, రెండు చర్చిల్లోనూ ప్రకటనలు చదువుతారు. ఒకరు క్యాథలిక్ అయితే వాళ్ళ బిషప్ అనుమతి కావాలి. పుట్టబోయే బిడ్డలను క్యాథలిక్ విశ్వాసంలో పెంచడానికి చేతనైనంత చేస్తానని క్యాథలిక్ అయిన వ్యక్తి మాట ఇవ్వాలి. ఇది ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. శుభలేఖలు పంచాక బయటపడితే రెండు ఇళ్ళలోనూ టెన్షన్. కనీసం మూడు నాలుగు నెలల ముందే ఇద్దరు అయ్యగార్లనూ కలవడం మంచిది.

సమాధుల దగ్గర కూడా సంఘాల తేడా ఎందుకు?

శ్మశాన స్థలం చాలా చోట్ల సంఘం ఆస్తి. ఊరు పెరిగింది, స్థలం పెరగలేదు. అందుకే సభ్యత్వం, చందా బాకీలు చూస్తారు.

మా పెదనాన్నగారు పోయినప్పుడు మాకు ఈ అనుభవం ఎదురైంది. ఆయన ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగి చివరి రోజుల్లో విశాఖ వచ్చారు, సభ్యత్వం ఇక్కడికి మార్చుకోలేదు. శవాన్ని ఇంట్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగాం. ఒక చోట కుదరదన్నారు. చివరికి మాకు ఏ సంబంధమూ లేని వేరే శాఖ పెద్దలు విని, తమ స్థలంలో చోటిచ్చారు. వాళ్ళ పాస్టర్‌గారే వచ్చి ప్రార్థన చేశారు. ఐక్యత మీద నాకున్న పట్టుదలకు మొదలు ఆ మధ్యాహ్నమే. పాస్టర్ల ఫెలోషిప్పులు ఏ పనీ చేయకపోయినా పర్వాలేదు, చనిపోయిన విశ్వాసికి ఆరడుగుల నేల ఎక్కడైనా దొరికేలా ఒక ఒప్పందం చేసుకుంటే చాలని నేను ప్రతి కూడికలోనూ అడుగుతున్నాను.

సంఘాల తేడాల వెనక కులం కూడా ఉందంటారు. నిజమేనా?

నిజమే. దాచుకుంటే లాభం లేదు. మిషన్ల ప్రాంతాల పంపకంతో పాటు ఒక్కో మిషన్ దగ్గర ఒక్కో కులం వాళ్ళు ఎక్కువగా చేరారు. కొన్ని చోట్ల మాలలు ఒక సంఘం, మాదిగలు ఇంకో సంఘం అయ్యారు. ఒకే సంఘంలో కూడా ఎన్నికలు వచ్చేసరికి ఆ గీతలు బయటపడతాయి. పైకి సిద్ధాంతం మాట్లాడుతూ లోపల కులం లెక్కపెట్టే చోట ఎన్ని ఐక్య ఆరాధనలు పెట్టినా ప్రభువు సంతోషించడు. కొరింథులో “నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను” అన్నవాళ్ళను పౌలు అడిగిన ప్రశ్న, “క్రీస్తు విభజింపబడియున్నాడా?” అన్నది మనల్నే అడుగుతోంది.

ఇదే విషయంలో సంఘాలు గట్టిగా కలిసింది కూడా ఉంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీలో ఉన్నారు. దీని మీద క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య, ప్రొటెస్టెంట్, ఆర్థడాక్స్ సంఘాల జాతీయ మండలి ఆగస్టు 10ని నిరసన దినంగా కలిసి పాటిస్తున్నాయి.

ఇండిపెండెంట్, పెంతెకొస్తు సంఘాలు కూడా ఇందులో ఉన్నట్టేనా?

ఉండాలి. వాళ్ళు లేకుండా విశాఖలో ఐక్యత అంటే అర్థం లేదు, ఎందుకంటే ఏ కాలనీకి వెళ్ళినా డాబా మీద, రేకుల షెడ్డులో వాళ్ళ ప్రార్థనలే వినిపిస్తాయి. పాత సంఘాలు వెళ్ళని బస్తీలకు వాళ్ళు వెళ్ళారు. అదే సమయంలో పాత సంఘాల వాళ్ళ ఫిర్యాదు కూడా అబద్ధం కాదు: “మా విశ్వాసులను లాక్కుపోతున్నారు” అని. దీనికి మందు తిట్టుకోవడం కాదు. ఒక కుటుంబం సంఘం మారితే కొత్త పాస్టర్‌గారు పాత పాస్టర్‌గారికి ఫోన్ చేసి చెప్పడం అనే చిన్న మర్యాద మొదలైన చోట చాలా మార్పు చూశాం.

ఐక్యత పేరుతో మన సిద్ధాంతాన్ని వదులుకోమంటారా?

లేదు. వదులుకుంటే ఎదుటివాళ్ళకు ఇవ్వడానికి మన దగ్గర ఏమీ మిగలదు. లూథరన్లు కృప గురించి, బాప్టిస్టులు స్వేచ్ఛగా ఒప్పుకునే విశ్వాసం గురించి, క్యాథలిక్‌లు పరిశుద్ధుల సహవాసం గురించి, పెంతెకొస్తువాళ్ళు ఆత్మ వరాల గురించి గట్టిగానే చెప్పాలి. త్రిత్వం, యేసు ప్రభువు దేవుడని, మరణించి లేచాడని ఒప్పుకోవడం అందరికీ ఉమ్మడి పునాది. 325లో నికయ సభ చెప్పింది అదే. 2025తో దానికి 1700 ఏళ్ళు నిండాయి. ఆ ఏడాది తూర్పు, పడమటి సంఘాలన్నిటికీ ఈస్టర్ ఒకే రోజున, ఏప్రిల్ 20న రావడం నాకు ఎంతో ఆనందమనిపించింది.

విశాఖలో సామాన్య విశ్వాసులు కలిసి ఏం చేయగలరు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎవరూ మీటింగు పెట్టలేదు. కరెంటు లేదు, పాలు లేవు, నీళ్ళు లేవు, ఫోన్లు పనిచేయలేదు. మా వీధిలో ఒక చర్చికి పెద్ద గిన్నెలున్నాయి, ఇంకో చర్చికి జనరేటరు ఉంది, మూడో చర్చి యువకులు చెట్లు నరికి దారి చేశారు. ఎవరి అన్నం ఎవరు వండారో ఎవరూ అడగలేదు. చర్చికి రానివాళ్ళే ఎక్కువమంది తిన్నారు. అప్పుడు నాకు అర్థమైంది: పని ముందు పెడితే స్నేహం దానంతట అదే వస్తుంది.

తుఫాను కోసం ఆగక్కర్లేదు. మార్చి మొదటి శుక్రవారం మహిళల ప్రపంచ ప్రార్థనా దినానికి పక్క సంఘం అక్కలను పిలవండి. గుడ్ ఫ్రైడే రోజు ధ్యానించే, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడు సంఘాల వాళ్ళకు పంచండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)లో ఉన్న రోగులను చూడటానికి ఇద్దరిద్దరుగా, వేర్వేరు సంఘాల వాళ్ళు వెళ్ళండి.

సంఘాలన్నీ కలిసి చేసే యునైటెడ్ క్రిస్మస్ మంచిదే. అయితే అది స్టేజీ, శాలువాలు, నాయకుల ప్రసంగాలతో ముగిసిపోతోందని నా బాధ. అక్కడ పెట్టే ఖర్చులో కొంత ఒక పేద సంఘం పైకప్పుకు ఇస్తే బాగుంటుంది.

ఇతర మతాల వాళ్ళతో స్నేహం కూడా ఐక్యతలో భాగమేనా?

అది వేరే విషయం, కానీ అవసరమైన విషయం. క్రైస్తవ ఐక్యత ఒకే ప్రభువును ఒప్పుకునేవాళ్ళ మధ్యది. మతాల మధ్య ఉండాల్సింది గౌరవం, ఇరుగుపొరుగు ప్రేమ. హార్బరు దగ్గర రాస్ హిల్ మీద చర్చి, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. ఓడల్లో వచ్చేవాళ్ళకు మూడూ కనిపిస్తాయి.

మా పాస్టర్‌గారు ఐక్య కూడికలకు వెళ్ళొద్దంటున్నారు. ఏం చేయాలి?

ఆయన మీద గెలవాలని చూడకండి. ఎందుకు వద్దంటున్నారో అడగండి. చాలాసార్లు వెనక ఏదో పాత గాయం ఉంటుంది: ఎవరో తన సభ్యులను తీసుకెళ్ళారనో, వేదిక మీద తనను తక్కువ చేశారనో. ముందు ఆయన్ని ఒకసారి మరో సంఘం పాస్టర్‌గారితో మీ ఇంటికి భోజనానికి పిలవండి. సంఘం పేరుతో కాకుండా మీ ఇంటి పేరుతో. మా అమ్మ చేసిన పని ఇదే. చేపల పులుసు పెట్టి ఇద్దరు అయ్యగార్లను ఎదురెదురుగా కూర్చోబెట్టింది. రెండేళ్ళ తర్వాత ఒకరు ఇంకొకరి చర్చిలో ప్రసంగించారు.

మొదటిసారి ఐక్య ప్రార్థనకు వస్తున్నాం. ఏం తెచ్చుకోవాలి? ఎలా ఉండాలి?

మీ బైబిలు తెచ్చుకోండి, ఏ అనువాదమైనా సరే. అక్కడ ఎవరైనా సిలువ గుర్తు వేసుకుంటారు, ఎవరైనా చేతులెత్తుతారు, ఎవరైనా మోకరిస్తారు, ఇంకొకరు కదలకుండా కూర్చుంటారు. మీకు అలవాటైనట్టు మీరు ఉండండి. పేరు అడగండి, సంఘం పేరు తర్వాత అడగండి.

పాటల పుస్తకం కూడా తెచ్చుకోండి. అక్కడ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచే ఎక్కువ పాడతాం. పురుషోత్తమ చౌదరి గారు బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం పొందినవారే అయినా, ఆయన పాటలు రాని లూథరన్ ఇల్లు గానీ సీఎస్ఐ ఇల్లు గానీ నాకు తెలియదు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఒక్కో సంఘం పుస్తకంలో పాట నంబరు ఒక్కోలా ఉంటుంది. అందుకే మేం నంబరు చెప్పం. ఎవరో ఒకరు పల్లవి ఎత్తుకుంటారు, మిగతావాళ్ళం అందుకుంటాం.